ఎనిమిది నెలలు ఓర్చుకున్న మా వాడు ఒక్కసారి కొట్టాడు, స్కూలుకి ఆ ఒక్కసారే కనిపించింది

ప్రశ్న: ఏడో తరగతి అబ్బాయి అమ్మ

మా అబ్బాయికి పన్నెండేళ్ళు. చిన్నప్పటి నుంచి నత్తి ఉంది. ఇంట్లో మాతో మాట్లాడేటప్పుడు పెద్దగా తెలియదు. కొత్తవాళ్ళు పేరు అడిగినా, ఎవరైనా "తొందరగా చెప్పు" అన్నా మాట గొంతులోనే ఆగిపోతుంది.

క్లాసులో హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ మేడమ్" అనాలి. మా వాడు "ప్ర" దగ్గర ఆగుతాడు. వెనక బెంచీలో ముగ్గురు అబ్బాయిలు "ప్ర ప్ర ప్ర" అని అందుకునేవారు. కొన్నాళ్ళకి వాడి పేరే అదైపోయింది. బస్సులో, గ్రౌండులో, చివరికి వాడి నోట్సు అట్టల మీద కూడా అదే పేరు రాశారు. బూట్లు దాచేవారు. పేరు ఆగకుండా చెబితే ఇస్తామనేవారు.

వాడు నాకు మూడుసార్లు చెప్పాడు. ఇది రాయడం నాకు కష్టంగా ఉంది కానీ దాచి ప్రయోజనం లేదు. మొదటిసారి "పట్టించుకోకు, వాళ్ళే విసిగి ఊరుకుంటారు" అన్నాను. రెండోసారి డైరీలో క్లాస్ టీచర్‌కి రాసి పంపాను. మూడోసారి, కడుపునొప్పి అని మంచం దిగకపోతే, నాటకాలాడకు అని తిట్టి బస్సెక్కించాను.

పోయిన బుధవారం చివరి పీరియడ్ ముందు ఆ ముగ్గురిలో ఒకడు వాడి కాలరు పట్టుకున్నాడు. "పది లెక్కపెట్టేలోగా నీ పేరు చెప్పు, వదిలేస్తా" అన్నాడు. చుట్టూ ఉన్న పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఏడు అనేసరికి మా వాడి చేతిలో ఉన్న జామెట్రీ బాక్స్ ఆ అబ్బాయి మూతికి తగిలింది. పై పెదవి చీలింది. రెండు కుట్లు పడ్డాయి.

నేను వెళ్ళేసరికి ఆ అబ్బాయి తల్లిదండ్రులు ప్రిన్సిపాల్ గదిలో ఉన్నారు. వాళ్ళబ్బాయి పెదవికి గుడ్డ అడ్డం పెట్టుకునే జరిగింది చెప్పాడు, తడబడకుండా. ఊరికే సరదాగా మాట్లాడుతుంటే కొట్టాడన్నాడు. ప్రిన్సిపాల్ మా వాడి వైపు తిరిగి "నువ్వెందుకు కొట్టావో చెప్పు" అన్నారు. వాడు నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఒక్క అక్షరం బయటికి రాలేదు. ఆయన గడియారం చూసుకుని "అంటే చెప్పడానికి ఏమీ లేదన్నమాట" అన్నారు.

అయిదు రోజులు సస్పెండ్ చేశారు. తిరిగి వచ్చిన రోజు అసెంబ్లీలో మైకు ముందు నిలబడి క్షమాపణ పత్రం చదవాలట. మిగతావాళ్ళ సంగతేమిటని అడిగితే, వాళ్ళ మీద ఇంతవరకు రాతపూర్వకంగా ఫిర్యాదు లేదు, చేయి చేసుకున్నవాళ్ళకి మాత్రం మా దగ్గర ఒకటే రూల్ అన్నారు.

ఇంటికి రాగానే మా వారు వాడి భుజం తట్టి "ఇన్నాళ్ళకి మంచి పని చేశావురా" అన్నారు. వాడు ఏమీ అనలేదు. రాత్రి లైటు తీసేశాక నన్ను అడిగాడు, "అమ్మా, కుట్లు వేసేటప్పుడు నొప్పి పుడుతుందా?" అని.

వాడికి శిక్ష వద్దని నేను అడగడం లేదు. ఎదుటివాడికి రక్తం వచ్చింది. కానీ స్కూలు ఫైలులో ఆ రెండు సెకన్లే ఉండి, ముందరి ఎనిమిది నెలలు లేకపోవడం నేను ఒప్పుకోలేను. స్కూలుతో ఎలా మాట్లాడాలి? వాడితో ఏం చెప్పాలి? తప్పు చేశావనాలా, బాగా చేశావనాలా?

జవాబు 1: హైస్కూలు టీచర్, 22 ఏళ్ళ సర్వీసు

అమ్మా, అన్నిటికన్నా ముందు ఆ మైకు సంగతి ఆపించండి. ఈ రోజే. ఫోన్‌లో బతిమాలొద్దు, ఉత్తరం రాయండి. ఏ విషయంలో తోటిపిల్లలు వాడిని ఏడిపించారో, అదే విషయంలో ఇప్పుడు స్కూలే వాడిని నిలబెట్టి ఏడిపించబోతోంది. అసెంబ్లీలో ఏడువందల మంది పిల్లలుంటే ఏడువందల మంది వాడి నత్తి వింటారు. క్షమాపణ ఎవరికీ వినపడదు. దీనికి మీరు ఒప్పుకోవడం లేదని ఒక్క వాక్యంలో స్పష్టంగా రాయండి. మెత్తగా రాయాల్సిన పని లేదు.

రెండోది, రాతపూర్వక ఫిర్యాదు లేదన్నారు కదా. డైరీలో మీరు రాసినదేమిటి మరి? క్లాస్ టీచర్ దాని కింద సంతకం పెట్టారా? పెట్టి ఉంటే తేదీతో సహా అదే మీ ఫిర్యాదు. ఆ పేజీని ఫోటో తీసి దాచుకోండి. అట్టల మీద రాతలున్న నోట్సులు కూడా పారేయొద్దు.

స్కూలు లోపల ఏం జరుగుతుందో చెబుతాను, నేనూ ఆ గదుల్లో కూర్చున్నదాన్నే. రక్తం వస్తే వెంటనే కాగితం పుడుతుంది. ఫస్ట్ ఎయిడ్ పుస్తకంలో రాస్తారు, తల్లిదండ్రులకి ఫోన్ వెళుతుంది, అవతలివాళ్ళు వచ్చి కూర్చుంటారు, సాయంత్రంలోగా ఏదో ఒక నిర్ణయం చెప్పాలి. వెక్కిరింపుకి ఇవేవీ ఉండవు. ఒక్కో వెక్కిరింపు విడిగా చూస్తే ఎంత చిన్నదంటే, దాని మీద ఒక పిల్లవాడిని పిలిచి మందలించడం కూడా ఎక్కువ అనిపిస్తుంది. అలాంటివి రెండు వందలు కలిస్తే ఏమవుతుందో లెక్క చూసేవాళ్ళు ఎవరూ ఉండరు. నా క్లాసులోనే ఒక అమ్మాయి ఏడాదంతా అలా నలిగిపోయింది. తను పక్కమ్మాయి జడ పట్టుకుని లాగిన రోజే నాకు తెలిసింది. ఆ రోజు నేనూ జడ లాగిన అమ్మాయినే బయట నిలబెట్టాను. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

ఈ విషయాన్ని 1970ల నుంచి పరిశోధించిన డాన్ ఓల్వియస్ బుల్లీయింగ్‌కి మూడు గుర్తులు చెప్పారు. కావాలని చేయడం, మళ్ళీ మళ్ళీ చేయడం, ఇద్దరి మధ్య బలంలో తేడా ఉండడం. నార్వేలో ముగ్గురు అబ్బాయిలు ప్రాణాలు తీసుకున్న తర్వాత 1983లో అక్కడి ప్రభుత్వం దేశమంతా స్కూళ్ళలో దీని మీద పని మొదలుపెట్టింది. మీ ఉత్తరంలో ఈ మూడు గుర్తులూ మీ వాడి విషయంలో ఎలా ఉన్నాయో వరసగా రాయండి. స్కూలు దీన్ని "ఇద్దరు పిల్లల గొడవ" అని రాసుకుంటుంది. గొడవ అంటే సమానుల మధ్య జరిగేది. ఒకడి కాలరు పట్టుకుని అయిదుగురు లెక్కపెడితే దాన్ని గొడవ అనకూడదు. అందుకే, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చేతులు కలిపించి పంపిస్తామంటే ఒప్పుకోకండి. బలం తేడా ఉన్నచోట అది రాజీ కాదు, బలహీనుడి నోరు మూయించడమే.

"ఒకటే రూల్" అన్న మాటకి కూడా చరిత్ర ఉంది. అమెరికాలో 1994లో స్కూళ్ళలోకి తుపాకులు తెచ్చేవాళ్ళ కోసం ఒక చట్టం చేశారు. ఆ కఠినత్వమే జీరో టాలరెన్స్ పేరుతో మామూలు కొట్లాటలకీ పాకింది. ఎవరు మొదలుపెట్టారు, ఎందుకు అని చూడకుండా శిక్ష వేయడం అలవాటైంది. అక్కడి సైకాలజిస్టుల సంఘం నియమించిన బృందం 2008లో దీన్ని పరిశీలించి, ఈ పద్ధతి వల్ల స్కూళ్ళు సురక్షితం అయ్యాయనడానికి ఆధారాలు లేవని చెప్పింది. రూల్ ఉండాలి. కానీ ప్రశ్నలు అడగకుండా ఉండడానికి దాన్ని అడ్డం పెట్టుకోకూడదు.

ఇంకొకటి, లెక్కపెట్టిన పిల్లలు. నా దృష్టిలో మీ కేసుకి వాళ్ళే కీలకం. కెనడాలో పరిశోధకులు స్కూలు గ్రౌండుల్లో కెమెరాలు, మైకులు పెట్టి గమనించారు. 2001లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం ఏడిపించిన సందర్భాల్లో 88 శాతం వాటిలో తోటిపిల్లలు చుట్టూ ఉన్నారు. వాళ్ళు కలగజేసుకున్నది 19 శాతంలోనే. కానీ కలగజేసుకున్నప్పుడు మాత్రం సగానికి పైగా సార్లు పది సెకన్లలోపే ఆ ఏడిపించడం ఆగిపోయింది. మీ వాడి ముందు కూడా ఆ పది సెకన్లు ఉన్నాయి. వాటిని పిల్లలు పైకే లెక్కపెట్టారు. ఒక్కొక్కరినీ విడివిడిగా పిలిచి, "ఎవరు మొదలుపెట్టారు" అని కాకుండా "నువ్వు ఎంతవరకు లెక్కపెట్టావు" అని అడగమని ప్రిన్సిపాల్‌కి రాయండి. పిల్లలు ఆ ప్రశ్నకి అబద్ధం చెప్పలేరు.

చివరిగా, మీ వాడి మాట ఎవరూ వినలేదు. బాలల హక్కుల మీద 1989లో వచ్చిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 12వ అధికరణ ప్రకారం, తనకి సంబంధించిన విషయంలో తన అభిప్రాయం చెప్పుకునే హక్కు పిల్లవాడికి ఉంది. నోటితోనే చెప్పాలని లేదు. కాగితం ఇచ్చి, టైం ఇచ్చి, రాయనివ్వమని అడగండి.

జవాబు 2: ఇద్దరు పిల్లల తండ్రి

పై మేడమ్ చెప్పినవన్నీ బాగున్నాయి కానీ నాకు ఒక్కటే కనిపిస్తోంది. ఎనిమిది నెలల్లో అమ్మ, డైరీ, టీచర్, ఎవరూ ఆపలేనిదాన్ని వాడే ఆపుకున్నాడు. ఇప్పుడు వాడిని కూర్చోబెట్టి తప్పు చేశావని చెబితే వాడికి అర్థమయ్యేది ఏమిటి? దెబ్బలు తింటూ ఉండడమే మంచితనం అని. నా చిన్నప్పుడు మా ఇంట్లో అలాగే చెప్పారు. నేను పదేళ్ళు తల దించుకుని నడిచాను. మీ వారు భుజం తట్టారంటే వాళ్ళ మనసులో ఏముందో నాకు తెలుసు. వాడికి ఇప్పుడు కావాల్సింది మా నాన్న నా వైపు ఉన్నాడన్న ధైర్యం.

ఏడో తరగతి అబ్బాయి అమ్మ

టీచర్ గారూ, డైరీ తీసి చూశాను. నేను రాసిన నాలుగు వాక్యాల కింద "నోటెడ్" అని, సంతకం, తేదీ ఉన్నాయి. అయిదు నెలల కిందటిది. ఇంతకాలం ఇది ఫిర్యాదు అని నాకే తోచలేదు. అసెంబ్లీ గురించి ఉత్తరం ఇప్పుడే రాస్తున్నాను.

రెండో జవాబు రాసిన అన్నగారికి: వాడి వైపు ఉండాలన్నది నిజమే. కానీ వాడు భుజం తట్టించుకున్న పిల్లాడిలా లేడండీ. కుట్ల గురించే అడుగుతున్నాడు.

జవాబు 3: ఒకప్పుడు తిరిగి కొట్టినవాడు

అక్కా, మీ అబ్బాయి కుట్ల గురించి అడిగాడని చదివి ఇది రాస్తున్నాను.

నేను తొమ్మిదో తరగతిలో తిరిగి కొట్టాను. లావుగా ఉండేవాడిని, దాని గురించి పిలవని పేరు లేదు. ఒకరోజు అలా పిలిచినవాణ్ణి డెస్కు మీదికి తోసి కొట్టాను. ఆ రోజు సాయంత్రం మా నాన్న నలుగురికీ చెప్పుకుని సంతోషపడ్డాడు. నేను అడిగిందీ లేదు, ఎవరూ నన్ను అడిగిందీ లేదు. లోపల వణుకు మాత్రం వారం రోజులు తగ్గలేదు.

తర్వాత ఏమైందో చెబితేనే రెండో జవాబుకి సమాధానం అవుతుంది. నన్ను ఏడిపించడం ఆగింది, నిజమే. కానీ నాకు తెలిసిన దారి అదొక్కటే అయింది. ఎవరైనా నవ్వితే నా గురించే అనుకునేవాడిని. ముందే కొట్టేవాడిని. ఇంటర్‌కి వచ్చేసరికి నాకంటే సన్నగా, చిన్నగా ఉన్న ఒక అబ్బాయి నన్ను చూసి దారి మార్చుకునేవాడు. అది చూసి కూడా నాకేమీ అనిపించలేదు. ఆ అబ్బాయి ముఖం ఇప్పుడు గుర్తొస్తుంటుంది. పెద్దయ్యాక దీని గురించి వెతికి చదివాను. అమెరికాలో 1,420 మంది పిల్లలను పెద్దయ్యేదాకా గమనించి 2013లో అచ్చు వేసిన అధ్యయనం ఒకటుంది. చిన్నప్పుడు ఏడిపింపుకి గురైనవాళ్ళకి పెద్దయ్యాక మానసిక సమస్యలు ఎక్కువగా వచ్చాయి. ఒకవైపు ఏడిపించబడుతూ ఇంకోవైపు తామూ ఏడిపించిన పిల్లల్లో డిప్రెషన్, పానిక్ లాంటివి మరీ ఎక్కువ. చదువుతుంటే నా గురించే రాసినట్టు అనిపించింది.

అలాగని ఓర్చుకో అనే సలహా నేను ఎవరికీ ఇవ్వను. అది కూడా నాకు చేసిన అన్యాయమే. నాకు కావాల్సిన మాటలు రెండున్నాయి, రెండూ ఒకేసారి కావాలి. "నిన్ను అక్కడిదాకా తోసింది మేము, నువ్వు చెప్పినప్పుడు మేము వినలేదు." "అయినా వాడికి తగిలిన దెబ్బ నీ చేతిదే." మా ఇంట్లో రెండూ అనలేదు. స్కూలువాళ్ళు రెండోది మాత్రమే అన్నారు. మొదటిది మీరు చెప్పగలరక్కా, ఎందుకంటే మూడుసార్లు చెప్పాడని మీరే ఒప్పుకుని రాశారు. వాడితో కూడా అలాగే ఒప్పుకోండి. నేనైతే ఆ ఒక్క మాట కోసం ఇప్పటికీ మా నాన్న ముందు కూర్చుంటాను.

జవాబు 4: దెబ్బ తిన్న అబ్బాయి తండ్రి (వేరే కేసులో)

నేను అవతలి వైపు కూర్చున్నవాణ్ణి. రెండేళ్ళ కిందట మా వాడి ముక్కు మీద ఒక పిల్లవాడు కొట్టాడు. నేను స్కూలుకి వెళ్ళి గట్టిగా అరిచాను. ఆ పిల్లవాడిని స్కూలు నుంచి తీసేయాలన్నాను. వాళ్ళమ్మ ఏదో చెప్పబోతే వినలేదు.

పది రోజుల తర్వాత నా భార్య మా వాడి ఫోన్‌లో క్లాసు పిల్లల గ్రూపు చూసింది. ఆ పిల్లవాడి ఫోటో మీద మా వాడు పెట్టినవి నేనిక్కడ రాయలేను. నెలల తరబడి పెట్టాడు. నేను ఆ రాత్రి నిద్రపోలేదు.

అక్కా, మీకు చెప్పేదేమిటంటే, ఆ తల్లిదండ్రులు ఇప్పుడు మీ మాట వినరు. పెదవి చీలిన కొడుకు పక్కనే ఉన్నాడు. నాకూ ఎవరూ చెప్పి ఒప్పించలేదు, కళ్ళతో చూశాకే ఒప్పుకున్నాను. కాబట్టి వాళ్ళతో వాదన పెట్టుకోకండి. డైరీ పేజీ, నోట్సు అట్టలు ప్రిన్సిపాల్ చేతికివ్వండి, వాళ్ళకి ఆయన్నే చూపించమనండి. నోట్సు మీద తమ కొడుకు చేతిరాత ఉంటే ఏ తల్లిదండ్రులైనా గుర్తుపడతారు.

మేము ఆ ఇంటికి వెళ్ళాం. ఆలస్యంగా వెళ్ళాం. వాళ్ళు అప్పటికే పిల్లవాడిని వేరే స్కూలుకి మార్చేశారు.

ఏడో తరగతి అబ్బాయి అమ్మ (తొమ్మిది రోజుల తర్వాత)

అందరికీ చెప్పాలని వచ్చాను.

ఉత్తరంతో పాటు డైరీ ఫోటో, మూడు నోట్సులు ఇచ్చాను. ప్రిన్సిపాల్ డైరీ పేజీ చాలాసేపు చూశారు. అసెంబ్లీ క్షమాపణ వెంటనే రద్దు చేశారు. సస్పెన్షన్ మాత్రం తీయలేదు. నేను కూడా అడగలేదు. మా వాడిని వైస్ ప్రిన్సిపాల్ గదిలో కూర్చోబెట్టి కాగితాలిచ్చారు. నలభై నిమిషాలు రాశాడు. ఎవరూ తొందరపెట్టలేదు. ఒకటిన్నర పేజీ వచ్చింది. దాన్ని ఫైలులో సస్పెన్షన్ ఉత్తరం వెనకే పెట్టారు, నేను చూశాను. లెక్కపెట్టిన పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి టీచర్ గారు చెప్పిన ప్రశ్నే అడిగారట. ఒక అమ్మాయి "నాలుగు దాకా" అని చెప్పి ఏడ్చేసిందట. ఆ ముగ్గురి తల్లిదండ్రులనూ పిలిపించారు. ఇద్దరు వచ్చారు. పెదవి చీలిన అబ్బాయి వాళ్ళు ఇంకా మాతో మాట్లాడడం లేదు. వాళ్ళకి నోట్సులు చూపించారో లేదో నాకు చెప్పలేదు.

క్లాసులో ఇప్పుడు హాజరుకి ఎవరూ పలకక్కర్లేదు, అందరూ చేయి ఎత్తుతున్నారు. ఇంత చిన్న పని మొదట్లోనే చేసి ఉంటే అని తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది.

మూడో జవాబు రాసిన తమ్ముడూ, మీరు చెప్పిన రెండు మాటలూ చెప్పాను. మొదటిది చెప్పేటప్పుడు నాకే మాట తడబడింది. కడుపునొప్పి రోజు సంగతి ఎత్తితే, "ఆ రోజు నిజంగానే నొప్పి వచ్చిందమ్మా" అన్నాడు. రెండోది నేను పూర్తి చేయకముందే తల ఊపాడు. మా వారు పక్కనే కూర్చుని విన్నారు. మర్నాడు స్కూలుకి ఆయనే సెలవు పెట్టి వచ్చారు.

ఎవరూ చెప్పకుండానే వాడు ఆ అబ్బాయికి ఒక చీటీ రాశాడు. "నీ పెదవికి దెబ్బ తగిలినందుకు సారీ. నేను కొట్టకుండా ఉండాల్సింది. నువ్వు లెక్కపెట్టించకుండా ఉండాల్సింది." ఇవ్వడానికి ముందు నాకు చూపించి, మూడో వాక్యం తీసేయాలా అని అడిగాడు. వద్దన్నాను. అలాగే మడిచి ఇచ్చాడు. జవాబు రాలేదు.

బస్సులో డ్రైవర్ వెనక సీట్లోనే కూర్చుంటున్నాడు. వెనక్కి వెళ్ళి అందరితో కూర్చోమని నేను అనడం లేదు.